ఎద్దుమూపు గుర్తు

పొద్దున్నే టీ తాగేముందు పోలిరాజు చేసే పని ఒకటుంది. కేబిన్ ముందున్న ఇనప మెట్టు మీద కూర్చుని, ఎడమ మడమ మెట్టు అంచుకి ఆనించి, ఎదురుగా నీళ్ళ మీదకి చూస్తాడు. రిజర్వాయరు నడుమ తేలే సోలార్ పలకల తెప్పకి ఈశాన్యం మూల ఒక పసుపుపచ్చ డబ్బా కట్టి ఉంటుంది. దాని వెనక, దూరంగా, బోడికొండ. కొండ నెత్తిన ఒక నొక్కు. డబ్బా సరిగ్గా ఆ నొక్కు కింద ఉంటే తెప్ప ఉండాల్సిన చోటే ఉన్నట్టు. అప్పుడు లేచి స్టవ్ వెలిగిస్తాడు.

ఈ పని చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. కంపెనీ చెప్పిన పనులు మూడు. పడవ వేసుకుని తిరుగుతూ పలకలు కడగాలి, నీటికాకుల్ని తోలాలి, బయటివాళ్ళు నీళ్ళలో దిగకుండా చూడాలి. డబ్బానీ కొండనీ కలిపి చూడటం సముద్రం నుంచి వెంట తెచ్చుకున్న అలవాటు.

సముద్రం మీద దారి ఉండదు. ఒడ్డున దగ్గరగా ఉన్నది ఒకటి, దూరంగా ఉన్నది ఒకటి ఎంచుకుని, రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా పడవ జరుపుకుంటారు. ఇంకో దిక్కున ఇంకో జత. రెండు గీతలూ కలిసిన చోట నీటి అడుగున రాతిగడ్డ ఉంటుంది. దాని పక్కన వల వేస్తే చేప, దాని మీద వేస్తే చిరిగిన వల. పోలిరాజుకి తెలిసిన రాతిగడ్డకి గుర్తు ఒడ్డున లైట్‌హౌసు, దాని వెనక ఎద్దుమూపు కొండ. మూపు దిగి మెడ మొదలయ్యే పల్లంలోకి లైట్‌హౌసు తల వచ్చి కూర్చోవాలి. ఒక పడవ గుర్తు ఇంకో పడవకి చెప్పరు. ఈ గుర్తు లోకంలో ఇద్దరికే తెలుసు. పోలిరాజుకి, అతని పెళ్ళాం అన్న సన్యాసిరాజుకి.

ఆ సన్యాసిరాజుతో మాటల్లేక మూడేళ్ళు దాటింది.

పోలిరాజు పెళ్ళాం గంగాలమ్మ పోయినప్పుడు ఇద్దరూ వేటలో ఉన్నారు. కామెర్లు ముదిరాయని తెలిసీ, రెండ్రోజుల్లో వచ్చేద్దామని వెళ్ళారు. మూడోరోజు ఫిషింగ్ హార్బర్ జెట్టీకి పడవ తగిలేసరికి అన్నీ అయిపోయాయి. ఆ తరవాత పోలిరాజు వేట పడవలో కాలు పెట్టలేకపోయాడు. ఏడాది పాటు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు. పెందుర్తి అవతల రిజర్వాయరులో సోలార్ తెప్ప వేస్తున్నారని, పడవ నడిపేవాడు కావాలంటున్నారని విని వెళ్ళి అడిగాడు. ఇచ్చారు. సామాను తీసుకుని బయల్దేరిన రోజున, చేపల వేలంపాట జరిగే షెడ్డులో, అందరి ముందూ సన్యాసిరాజు అరిచాడు.

"సెల్లి పోనాది. ఇప్పుడు నువ్వూ ఎలిపోతన్నావు. ఎల్లు బావ! ఆ గుంతలో నీళ్ళకి కాపలా కాసుకో. మళ్ళీ నా పడవ సాయ సూడకు."

పోలిరాజు చూడలేదు.

ఇక్కడి నీళ్ళకి పోటు లేదు, పాటు లేదు. ఉప్పు వాసన లేదు. తెప్ప నీడకి చేపలు చేరతాయి, మెట్టు మీద కూర్చుంటే అవి ఎగిరిపడే చప్పుడు వినిపిస్తుంది. తాగేనీళ్ళ చెరువు కాబట్టి వల వెయ్యకూడదు. ముప్పై ఏళ్ళు చేపల కోసం తిరిగినవాడు చేపల మధ్య కూర్చుని చపాతీలూ బంగాళదుంప కూరా తింటాడు. మల్కాపురంలో ఉన్న కూతురు సాయిదుర్గ ఆదివారం పొద్దున ఫోన్ చేసి, తిన్నావా నాన్నా అంటుంది. తిన్నానంటాడు. అంతటితో ఫోన్ పెట్టేస్తారు. మిగతా ఆరు రోజులూ ఎక్కువగా అతను నోరు తెరిచేది నీటికాకుల్ని తిట్టడానికే.

ఆ ఆరు రోజుల్లో మూడు రోజులు నీలిమ వస్తుంది. సైట్ ఇంజనీరు, ఇరవై ఏడేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న తణుకు వైపు నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో స్థిరపడ్డాడు. స్కూటర్ దిగి, ఇన్వర్టర్ల గదిలో అంకెలు రాసుకుని, వెళ్ళేముందు మెట్టు మీద కూర్చుని అతనితో టీ తాగుతుంది. ఒకసారి అడిగింది.

"బాబాయ్, హార్బర్ బయట ఓడలు లంగరేసి ఉంటాయి కదా. వాటిలో ఏముంటుంది?"

"బొగ్గే గదా మేడమ్. ఆటి పక్కన తిరిగి మా వలలు ఎన్ని పోనాయో."

"అలాంటి ఓడ ఒక్కటి తెచ్చిన బొగ్గుతో వచ్చే కరెంటు మన తెప్ప చెయ్యాలంటే దగ్గరదగ్గర ముప్పై ఏళ్ళు పడుతుంది."

పోలిరాజు గ్లాసు కింద పెట్టాడు. "ముప్పై ఏళ్ళా! నాను ఏటాడినన్నాళ్ళు. మరి ఏటి లాభం మేడమ్ దీంతో?"

"ఒక్క తెప్పతో అయితే ఏం లాభం లేదు. ఇలాంటివి వందలు కావాలి. గట్టవతల మెట్టంతా చదును చేస్తున్నారు కదా, అక్కడ దీనికి ఇరవై రెట్లు సోలార్ వస్తుంది. ఎక్కడో తవ్విన బొగ్గు ఓడెక్కి వస్తేనే మనింట్లో ఫ్యాను తిరగడం ఏంటి బాబాయ్, నెత్తి మీద ఇంత ఎండ పెట్టుకుని?"

"ఈ పలకలు మాత్రం ఓడెక్కి రాలేదేటి? నాను సూసేను, సైనా పెట్టెలు."

నీలిమ నవ్వేసింది. "వచ్చాయి. కానీ ఇవి ఒకసారి వస్తాయి, పాతికేళ్ళు ఉంటాయి. బొగ్గు రోజూ రావాలి."

"అదీ నిజవేలే," అన్నాడు పోలిరాజు.

మెట్ట చదును చెయ్యడానికి ఎండాకాలం నుంచే లారీలు తిరుగుతున్నాయి. ఎర్రమట్టి నింపుకుని గట్టు కింద రోడ్డు మీద రోజుకి అరవై డెబ్భై పోతాయి. వాటి దుమ్ము గాలికి లేచి పలకల మీద పడుతుంది. వానలు తెరిపిచ్చిన రోజుల్లో పోలిరాజుకి పని రెట్టింపయ్యేది. పొద్దున్న కడిగిన పలక మధ్యాహ్నానికి కుంకుమ చల్లినట్టు ఉండేది. మళ్ళీ పైపు పట్టి కడిగేవాడు. ఎర్రనీళ్ళు జారి రిజర్వాయరులో కలిసిపోయేవి. మధ్యాహ్నం మూడింటికి దూరంగా ఢాం అని ఒక మోత వినిపించేది. విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాడికి ఆ మోత ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. నేవీ వాళ్ళ ఫైరింగ్.

ఆ ఏడు వానలు ఆలస్యంగా మొదలై, వదల్లేదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బోడికొండ తల బయటపెట్టిన రోజులు తక్కువ. గుర్తు చూడకుండానే టీ తాగాల్సి వచ్చేది. నవంబరులో వాయుగుండం ఒకటి రెండు రోజులు ఈదురుగాలి కొట్టించి పోయాక, ఒక ఉదయం ఆకాశం కడిగి ఆరేసినట్టు అయింది. పోలిరాజు మెట్టు మీద కూర్చుని మడమ ఆనించి చూశాడు.

డబ్బా నొక్కు కింద లేదు. ఎడమకి జరిగి ఉంది.

మడమ సరిచూసుకున్నాడు. లేచి మొహం కడుక్కొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. నాలుగు బారలు. ఎంత తక్కువ చూసినా నాలుగు బారలు. అంటే అటువైపు లంగర్లు గాలికి ఊడి ఉండాలి. తెప్ప ఇంకొంచెం జరిగితే ఒడ్డుకొచ్చే కరెంటు కేబుల్ బిగిసి తెగుతుంది. మూడు రోజుల్లో ఇంకో తుపాను అని ఫోన్లో చెబుతున్నారు. అది ఇటే వస్తే తెప్ప తెప్పంతా వచ్చి గట్టుకి కొట్టుకుంటుంది. ఆ రోజు అతను స్టవ్ వెలిగించలేదు.

నీలిమ గంటలో వచ్చింది. పడవలో వెళ్ళి తెప్ప మూల నిలబడి ఫోన్లో మ్యాప్ చూసింది. "ఇది ఏడెనిమిది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది బాబాయ్. నీ నాలుగు బారలు దీంట్లోనే కలిసిపోతాయి. ప్యానెళ్ళు మామూలుగానే పనిచేస్తున్నాయి. నీకు గట్టిగా తెలుసా?"

"మేడమ్, డబ్బా జరిగిపోనాది. కొండ జరగదు గదా."

ఆమె అతని మొహంలోకి చూసింది. తరవాత మేనేజరుకి ఫోన్ చేసింది.

సోలార్ ప్లాంటు ఆపేశారు. కాకినాడ నుంచి డైవర్లు నలుగురొచ్చారు. నలభై లంగర్లు. రెండు రోజులు ఒక్కోటీ దిగి చూశారు. పడవ నడిపింది పోలిరాజే. రెండో రోజు సాయంత్రం ఆఖరివాడు పైకొచ్చి, నోట్లో గొట్టం తీసి, పడవ అంచు పట్టుకుని నవ్వాడు.

"మావా, లంగరు మాట దేవుడెరుగు. దాని మీద నాచు కూడా కదల్లేదు."

మిగతా ముగ్గురూ నవ్వారు. పోలిరాజు పడవ ఒడ్డుకి తిప్పాడు. తుపాను ఒడిశా వైపు పోయింది.

మర్నాడు మేనేజరు గురునాథరావు కారులో వచ్చాడు. కారు దిగలేదు, అద్దం దించాడు. నీలిమ పక్కన నిలబడి ఉంది.

"ఏమయ్యా పోలిరాజూ, నీ వయసెంత?"

"యాభై ఆరండి."

"నీ కళ్ళ మీద నమ్మకంతో రెండు రోజులు ప్లాంటు ఆపాం. పైవాళ్ళకి ఏమని రాయను? మా పడవవాడికి కొండ అలా కనిపించింది అని రాయనా?" నీలిమ ఏదో అనబోయింది. "నువ్వాగమ్మా. నీ సంగతి ఆఫీసులో మాట్లాడదాం." మళ్ళీ ఇటు తిరిగాడు. "నెలాఖరు లోపల కళ్ళు చూపించుకుని కాగితం తీసుకురా. లేదంటే గట్టు మీద కెమెరా పెట్టిస్తాను. దానికి శుక్లాలు రావు."

కారు వెళ్ళిపోయింది. నీలిమ స్కూటర్ స్టార్ట్ చేస్తూ, "ఫరవాలేదులే బాబాయ్," అంది. ఆ రోజు ఆమె టీ తాగలేదు. ఆ తరవాత వారానికి ఒకసారే వచ్చింది. మిగతా రోజులు ఆఫీసులో కూర్చోబెట్టారట.

పోలిరాజు మెట్టు మీద కూర్చోవడం మానేశాడు. కేబిన్ వెనక వైపు, గోడకి ఎదురుగా కూర్చుని టీ తాగేవాడు. ఒక్కోసారి పడవలో ఉండగా తల తనంతట తానే కొండ వైపు తిరిగేది. డబ్బా ఇంకా ఎడమకే ఉండేది. డైవర్లు చెయ్యి పెట్టి చూసి లేదన్న తేడా అతని కంటికి మాత్రం ఉంది. తెప్ప మీద నీటికాకుల్ని లెక్కపెట్టి, దగ్గరికి పోయి మళ్ళీ లెక్కపెట్టేవాడు. లెక్క సరిపోయేది. అయినా నమ్మకం కుదిరేది కాదు.

పెందుర్తిలో కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడి పిల్ల గోడ మీద గుర్తులు చూపించి, ఏ గీత ఎటు తిరిగిందో చెయ్యి పెట్టి చూపించమంది. అట్టడుగు వరస దాకా చూపించాడు.

"మీ వయసుకి చాలా మంచి చూపండీ. దగ్గరవి చూడ్డానికి అద్దాలు కావాలి గానీ, దూరం చూపుకి ఏం లేదు."

"శుక్లాలు?"

"లేవు. సంతోషించండి."

కాగితం జేబులో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాక సంతోషించడానికి చూశాడు. కళ్ళు బాగున్నాయి. మరి చెడిపోయింది ఏమిటి? చూసింది చూసినట్టు తెలుసుకునే తెలివి పోయిందా? మనిషితో మాట లేకుండా బతికితే అలాగే అవుతుందేమో. కొండనీ డబ్బానీ కలపలేనివాడు రేపు తన మడమ ఎక్కడుందో కూడా మర్చిపోవచ్చు. కాగితం గురునాథరావుకి చాలుతుంది. తనకి చాలదు.

ఆ ఆదివారం సాయిదుర్గ ఫోన్ వచ్చింది, తిన్నానని చెప్పాడు. మధ్యాహ్నం కేబిన్ వెనక వల సూదితో పడవ తాడు కుట్టుకుంటూ ఉంటే, మూడింటికి ఢాం అని మోత వినిపించింది.

సూది ఆగిపోయింది. ఆదివారం నేవీ వాళ్ళు పేల్చరు. అతనికి ఊహ తెలిశాక ఎన్నడూ పేల్చలేదు.

లేచి కేబిన్ ముందుకొచ్చాడు. బోడికొండ పక్కనుంచి ఎర్రటి దుమ్ము సన్నగా లేస్తోంది.

కొండ చేరి ఎక్కడానికి గంటన్నర పట్టింది. లారీల బాట పట్టుకుని నడిచాడు. దారిలో టీ బడ్డీ దగ్గర కూర్చున్న చిట్టమ్మ అనే ముసలామె, "ఎక్కడికి బాబూ, పేలుళ్ళయేవరకూ ఆగాల," అంది. అయిపోయాయని చెప్పాడు. "ఎన్నాళ్ళనుంచి నరుకుతన్నారమ్మా?" అని అడిగాడు. "ఎండల్నుంచి. గట్టుకాడ సోలారుకి మట్టంట గదా. సగం తినీసేరు," అంది.

సగం తినేశారు. నొక్కుకి ఎడమ పక్కన ఉండాల్సిన కొండ ముందుకొస ఎర్రటి గోడలా తెగి ఉంది. కింద ఒక యంత్రం, రెండు లారీలు. నొక్కు ఉన్న చోట నొక్కు లేదు. అది కుడికి, రాయి గట్టిగా ఉన్న చోటికి జరిగిపోయింది. డబ్బా కదల్లేదు. తెప్ప కదల్లేదు. కొండ కదిలింది. ఆ కొండే దుమ్మై వచ్చి తన పలకల మీద పడింది. రోజూ పైపు పట్టి, దాన్ని కడిగి నీళ్ళలో కలిపింది తనే.

తెగని పక్కనుంచి ఇంకాస్త ఎక్కి, శిఖరం మీద రాయికి చేరగిలబడ్డాడు. అప్పుడు తూర్పుకి చూశాడు.

సముద్రం. దాని మీద వరసగా అయిదారు ఓడలు, లంగరేసి, వంతు కోసం. ఇటు ఒడ్డున అగ్గిపుల్లంత లైట్‌హౌసు. దాని మీదుగా చూపు సాగదీస్తే, నీళ్ళు రంగు మారే ఒక చోటు. పోలిరాజుకి ఆ చోటు తెలుసు. ఇన్నేళ్ళూ అక్కడి నుంచి ఇక్కడికి చూశాడు. ఇక్కడి నుంచి అక్కడికి చూడటం ఇదే మొదలు.

వెనక నుంచి మొద్దులా కనిపించే ఈ బోడికొండ, ముందు నుంచి ఎద్దుమూపు కొండ. ఈ నొక్కే ఆ పల్లం. మూడేళ్ళుగా తన కొండ వీపు చూస్తూ బతికాడు, దాన్ని పోల్చుకోకుండా.

ఫోన్ తీశాడు. ముందు నీలిమకి చేశాడు. "మేడమ్, నాది తప్పే. కొండ జరిగింది. నా కళ్ళు బాగున్నాయి, కాగితం ఉంది. మీరు నా మాట పట్టుకుని సెడ్డారు, అందుకు సెప్తన్నాను."

"ఏ కొండ బాబాయ్? మన మట్టి తెస్తున్నదేనా?"

"అదే."

"అయ్యో," అంది నీలిమ. తరవాత, "రేపు వస్తాను. మేనేజరుకి నేనే రాస్తాను. గట్టు మీద మనవే రెండు స్తంభాలు పాతుదాం. నీకు ఎక్కడ కావాలో అక్కడ," అంది. మళ్ళీ తనే, "ఆయన కెమెరా కూడా పెడతాడు, అది మాత్రం ఆగదు," అంది.

"పెట్టనీండి," అన్నాడు.

రెండో నంబరు మీద వేలు చాలాసేపు ఆగింది. మూడేళ్ళుగా నొక్కలేదు గానీ తీసెయ్యలేదు. నొక్కాడు. అవతల ఇంజను మోత, గాలి.

"ఎవుడూ?"

"నాను, బావ."

ఇంజను మోత తగ్గింది. ఎవరో దాన్ని తగ్గించారు. "ఏటైనాది? సాయిదుర్గ బాగుందా?"

"అందరూ బాగున్నారు. బావ, ఎద్దుమూపు కొండ నరికీసేరు. మూపు ముందర సగం లేదు. ఆ గుర్తుకి ఎల్లకు, రాయి మీద పడతావు."

గాలి ఒక్కటే వినిపించింది. సిగ్నల్ పోయిందేమో అని పోలిరాజు ఫోన్ చూసుకున్నాడు.

"పడిపోనాను," అన్నాడు సన్యాసిరాజు. "దసరా ముందర. కొత్త వల. నిలువునా సిరిగిపోనాది. గుర్తు సరిగ్గా ఉంది బావ, లైట్‌హౌసు పల్లంలో కూకుంది, నా కళ్ళతో సూసేను. మా వాసుగాడు ఏటన్నాడో తెలుసా? నాన్నకి సూపు పోనాది అన్నాడు. సుక్కాని తీసీసుకున్నాడు. జీపీయస్సు ఎట్టేడు. నాను ఇప్పుడు వల కాడ కూకుంతన్నాను, సరుకులాగ." దగ్గాడు. "కళ్ళద్దాలు కూడా కొనుక్కున్నాను."

"నాకూ సూపు పోనాదన్నారు," అన్నాడు పోలిరాజు.

"నీకు ఎవులన్నారు?"

చెప్పాడు. డబ్బా సంగతి, డైవర్ల సంగతి, నాచు సంగతి. సన్యాసిరాజు మొదట వింటూ ఊరుకున్నాడు, నాచు దగ్గరికొచ్చేసరికి నవ్వాడు. నవ్వుతూ ఉంటే దగ్గొచ్చింది.

"ఒరే వాసూ," అని అరవడం వినిపించింది, "నా కళ్ళు బాగున్నాయంటరా! కొండ నరికీసేరంట! మీ మావ సెప్తన్నాడు!" వాసు ఏమన్నాడో గాలికి వినపడలేదు. మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చి అడిగాడు. "నీకెలా తెలిసింది? ఎక్కడున్నావిప్పుడు?"

"కొండ మీద."

"ఏ కొండ?"

"మన కొండే. నెత్తిన కూకున్నాను. సముద్రం కనిపిస్తంది. నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంతాను. రాతిగడ్డ కాడే, పక్కన. వాసుగాడి జీపీయస్సు డబ్బా సెప్పిన సోట. అయితే లెగు బావ. నిలబడు. పల్లానికి సరిగ్గా నిలబడు. కొండ లేకపోతే నిన్నే గుర్తెట్టుకుంతాను," అన్నాడు.

"నాను కనబడతానేటి, అంత దూరం?"

"నా కళ్ళద్దాలున్నాయి గదా," అన్నాడు సన్యాసిరాజు.

ఫోన్ కట్టయింది. సిగ్నలో, అతనే పెట్టేశాడో తెలియలేదు. మళ్ళీ చెయ్యలేదు. వెనక పశ్చిమాన రిజర్వాయరులో తెప్ప మీద చివరి ఎండ వాలుతోంది, రేపటి పని అక్కడుంది. ముందు సముద్రం మీద ఓడల మధ్య చిన్న చిన్న మచ్చలు చాలా ఉన్నాయి. వాటిలో సన్యాసిరాజు పడవ ఏదో చెప్పడం, కళ్ళు ఎంత మంచివైనా, ఎవరి వల్లా కాదు.

పోలిరాజు లేచాడు. పాత పల్లం ఎక్కడుండేదో లైట్‌హౌసుని బట్టి లెక్కేసుకుని, తెగిన అంచుకి రెండడుగుల ఇవతల, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఎడమ మడమ ఒక రాయికి ఆనించాడు. కిందనున్న యంత్రం నడిపేవాడు ఈల వేసి చెయ్యి ఊపాడు, దిగమని. పోలిరాజు ఇంకొంచెంసేపు కదల్లేదు.